దాపట, ఎలపట: మిల్లింగ్ ప్రోగ్రాముకు మన కాడెద్దుల మాటలు

కంప్యూటర్ ప్రోగ్రాముతోని ముక్కను చెక్కే సీఎన్‌సీ మిల్లింగ్ మిషనుకు ఇచ్చే ఆజ్ఞలల్ల జీ41, జీ42 కోడ్లను తెలుగుల చెప్పాల్సి వస్తే ‘ఎడమ’, ‘కుడి’ వద్దు, ‘దాపట’, ‘ఎలపట’ అందామని నా మాట. నల్లగొండ పల్లెల్లో కాడికి ఎడమ పక్కన కట్టే ఎద్దు దాపటెద్దు, కుడి పక్కది ఎలపటెద్దు.

సీఎన్‌సీ మిల్లింగ్‌ల కట్టర్ (ముక్కను కోసే పనిముట్టు, టూలు) నడిమధ్యను సరిగ్గా ముక్క అంచు గీత మీదనే నడిపితే ముక్క చిన్నగైతది. 10 మిల్లీమీటర్ల కట్టరైతే గీతకు 5 మిల్లీమీటర్లు పక్కకు జరగాలె. ఏ పక్కకో చెప్పేటివే ఈ రెండు కోడ్లు. జీ41 ఎడమకు, జీ42 కుడికి. అయితే ఆ ఎడమ మిషను ముందట నిలబడ్డ మన ఎడమ కాదు, కట్టర్ పోయే దిక్కుకు ఎడమ. కట్టర్ మనదిక్కు వస్తుంటే అది మన కుడిచేతి పక్కకు పడ్తది. పైగా చాలా మిషన్లల్ల కదిలేది టేబులు. ప్రోగ్రాం మాత్రం టూలే నడుస్తున్నట్టు రాస్తం. ఐటీఐ చదివి కొత్తగా వచ్చిన పిల్లలు ఇక్కడనే తడబడ్తరు.

దాపటెద్దు నాగలి తూర్పుకు పోయినా, గట్టుకాడ మళ్లి పడమటికి వచ్చినా దాపటెద్దే. చూసేటోళ్లు ఏ గట్టు మీద నిలబడ్డా పక్క మారదు. జీ41 లెక్క కూడా సరిగ్గా ఇదే.

‘ట్రాక్టర్లొచ్చినంక ఈ మాటలు పిల్లలకేం తెలుస్తయి?’ అని అడిగినాయనకు: మునుగోడు, దేవరకొండ దిక్కు పత్తి చేలల్ల ఎద్దులతోని గుంటుక కొట్టుడు ఇంకా ఉన్నది. తెలియనోళ్లకు ఒక్కసారి చెప్తే చాలు.

‘ఇవి యాస మాటలు కదా’ అన్న పాలమూరు అక్కకు: ‘వల’ అంటే కుడి, ‘డా’ అంటే ఎడమ. వలకేలు, డాకేలు కావ్యాలల్ల ఉన్న మాటలే. మన రైతులు వాటి చుట్టాలను పొలంల కాపాడిన్రు.

కట్టర్‌ను వంపుగ తిప్పే జీ02, జీ03లకు సవ్యం (గడియారం ముల్లు తిరిగే దిక్కు), అపసవ్యం (దానికి ఎదురు) సరిపోతయి, వాటిమీద నాకు పేచీ లేదు.

ఈ పక్కకు జరుపుడును రద్దు చేసే జీ40కి ఏమందామని అడిగిన తమ్మునికి: ‘కాడి విప్పుడు’ అంటే నాకు ఇష్టమే. ముక్కను దాటి బయటికొచ్చినంకనే విప్పాలె తమ్మీ, అంచు మీద ఉండంగనే తీస్తే కట్టర్ ముక్కలోకి దిగుతది.