సమస్యాపూరణం: ఇసుకపైన నడువ నీత వచ్చె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందున్న మూడూ మీరు పూరించాలి. పోయిన శనివారం అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లండ్ నుంచి తూర్పుగా ఓ పాతిక కిలోమీటర్లు కారేసుకుని, ట్రౌట్‌డేల్‌లో శాండీ నది ఒడ్డున ఉన్న గ్లెన్ ఒట్టో పార్కుకి పోయాం. అక్కడ తోచింది. ఇసుకలో నడిస్తే ఈతెలా వస్తుందో మీరే చెప్పాలి. నియమం ఒక్కటే, ఆ నది పద్యంలో కనబడాలి.

కొబ్బరాకు:
నీరు చూడ వణకు మా చిన్న పిల్లాఁడు
కాలు కాలి యొక్క గంతు వేసె
చలికి కాలు చేయి ఝల్లన నాడించ
ఇసుకపైన నడువ నీత వచ్చె

ఒడ్డున ఇసుకేమో పెనం. నీళ్ళేమో మౌంట్ హుడ్ మంచు కరిగి వచ్చేవి, జూలైలో కూడా ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంటాయి.

నిర్వాహకుడు:
భావం బాగుందమ్మా. మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావాల్సిన జోడక్షరం) తప్పింది, "నీ"కి "మా" కుదరదు. "మడుగు జూడ వణకు మా చిన్న పిల్లాఁడు" అంటే సరిపోతుంది. "కాలు కాలి" చమత్కారమే గానీ, వెంటనే మూడో పాదంలో మళ్ళీ కాలు రావడంతో పలచబడింది. "ఝల్లన" మాత్రం అందులో దిగినవాళ్ళకే తడుతుంది.

చుక్కాని:
క్లార్కు దొరకు నాడు కాలూన వీలేది
కదులు నిసుక పట్టి కడుపు దాక
ఏరు దాటఁ బోయి యేమందు నాపాటు
ఇసుకపైన నడువ నీత వచ్చె

1805 నవంబరు 3న, అమెరికా పడమటి తీరానికి దారి వెతుకుతూ బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం ఈ ఏటి దగ్గరికి వచ్చింది. క్లార్క్ నడిచి దాటబోతే అడుగంతా ఊబి. అందుకే ఊబి ఇసుక నది అని పేరు పెట్టారు, అదే తర్వాత శాండీ అయింది. మౌంట్ హుడ్ అగ్నిపర్వతం అంతకు కొన్నేళ్ళ ముందే బద్దలై కొట్టుకొచ్చిన ఇసుక అది.

నిర్వాహకుడు:
క్ల-కా యతి చెల్లుతుంది. సమస్యకి ఇంతకంటే సహజమైన విరుపు దొరకదు. అయితే అడుగు ఊబిగా ఉంది, దాటడం కుదరలేదు అన్నాడే గానీ, కడుపుదాకా దిగానని క్లార్క్ రాసుకోలేదు తమ్ముడూ!

చుక్కాని:
"క"కి యతి కావాలి కదండీ, మోకాలు పెడితే కుదరదు.

పాతబ్రేకు:
కారు నిలుప చోటు గంటైన దొరకదు
మైలు నడిచి వస్తి మండుటెండ
చెమట మడుగులోన చేపనై తేలితి
ఇసుకపైన నడువ నీత వచ్చె

చుక్కాని:
హహ్హ! మాస్టారూ, "వస్తి" ఒప్పుకుంటారా?

నిర్వాహకుడు:
ఆ చెమటలో "వచ్చితి" ఎవరికి గుర్తుంటుంది, ఒప్పుకున్నాను. మై-మం యతి కూడా శుద్ధంగా పడింది. నవ్వించిన పద్యం ఇదే. కానీ నియమం సంగతేమిటి? ఇందులో నదేదీ? పద్యం పార్కింగు దగ్గరే ఆగిపోయింది.

పాతబ్రేకు:
నేనూ అక్కడే ఆగిపోయాను మాస్టారూ.

కొబ్బరాకు:
సవరణకి ధన్యవాదాలండీ. "మడుగు జూడ" అనే మార్చుకున్నాను. ఉన్నమాట చెప్పేస్తాను, మావాడికి ఇంకా ఈత రాలేదు. గట్టున ఊరికే ఇచ్చే లైఫ్‌జాకెట్ తగిలించుకుని, లైఫ్‌గార్డు కుర్చీకి ఎదురుగా మోకాలి లోతులో గంటసేపు కూర్చున్నాడు. చేతులు మాత్రం బాగా ఆడించాడు.