ఒరెగాన్ నుంచి తెప్పించిన టైల్స్‌కి టెక్సాస్‌లో యూజ్ టాక్స్ కట్టాలా?

ప్రశ్న: అందరికీ నమస్తే. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఇళ్ల కిచెన్‌లు, బాత్రూమ్‌లు రీమోడల్ చేస్తుంటాను. ఈ మధ్య ఒక ఇంటి పనికి మెటీరియల్, లేబర్ విడివిడిగా కాకుండా మొత్తం ఇంత అని మాట్లాడుకున్నాం. టైల్స్ ఒరెగాన్‌లో ఒక చిన్న షాపు నుంచి తెప్పించాను, టైల్స్ 5,600 డాలర్లు, షిప్పింగ్ 400. బిల్లులో టాక్స్ లైనే లేదు. నేనేమైనా కట్టాలా? కస్టమర్ దగ్గర తీసుకోవచ్చా?

జవాబు 1: షాపు వాళ్లు వేయలేదంటే లేనట్టే బ్రో, మనకెందుకు టెన్షన్.

జవాబు 2: లేనట్టు కాదండి. బయటి రాష్ట్రాల షాపుల చేత కూడా టాక్స్ వసూలు చేయించొచ్చని 2018లో వేఫేర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బయటి రాష్ట్రాల పెద్ద అమ్మకందార్లు మన దగ్గర టాక్స్ వేస్తున్నారు గానీ, టెక్సాస్‌లో ఏడాదికి 5 లక్షల డాలర్ల లోపు అమ్మకాలుండే బయటి షాపు వసూలు చేయక్కర్లేదు. అప్పుడు ఆ భారం కొన్నవాళ్ల మీద పడుతుంది, దాన్నే యూజ్ టాక్స్ అంటారు. మీది లంప్‌సమ్ (అన్నీ కలిపి ఒకే ధర) కాంట్రాక్ట్ కాబట్టి టెక్సాస్ లెక్కలో ఆ టైల్స్‌కి చివరి వాడకందారు మీరే, ఇంటివాళ్లు కాదు. షిప్పింగ్ కూడా కలుపుకోవాలి, 6,000 మీద 8.25 శాతం, అంటే 495 డాలర్లు. ఒరెగాన్‌లో కాకుండా టాక్స్ ఉన్న రాష్ట్రంలో కొని అక్కడ కట్టి ఉంటే, రసీదు చూపించి ఆ మేరకు తగ్గించుకునేవాళ్లు.

సేల్స్ టాక్స్ పర్మిట్ (టాక్స్ వసూలు చేసే అనుమతి) ఉంటే రిటర్న్‌లో టాక్సబుల్ పర్చేజెస్ గడిలో 6,000 వేయండి, గడువు ఆ రిటర్న్ కాలం ముగిసిన తర్వాతి నెల 20. పర్మిట్ లేకపోతే 01-156 అనే ఫారం ఉంది.

కస్టమర్ బిల్లులో మాత్రం 'టాక్స్ 495' అని వేయకండి. లంప్‌సమ్‌లో విడిగా టాక్స్ వసూలు చేయకూడదు, టాక్స్ పేరుతో తీసుకున్న ప్రతి పైసా కంప్ట్రోలర్‌కి (టెక్సాస్ టాక్స్ ఆఫీసుకి) పంపాల్సిందే. కొటేషన్ ఇచ్చేటప్పుడే ధరలో కలిపేసుకోండి.

ప్రశ్న: అయితే రీసేల్ సర్టిఫికెట్ (తిరిగి అమ్మడానికే కొంటున్నామని ఇచ్చే కాగితం) ఇచ్చి టాక్స్ లేకుండా కొంటే?

జవాబు 2: దాంతో తప్పించుకోవడం కుదరదండి. మెటీరియల్, లేబర్ విడివిడిగా రాసిన కాంట్రాక్ట్‌కే ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది, అప్పుడు మెటీరియల్ మీద టాక్స్ మీరు కస్టమర్ దగ్గర వసూలు చేయాలి. సర్టిఫికెట్ మీద కొన్న సరుకు గోడౌన్‌లో ఉండి, దాన్ని లంప్‌సమ్ పనికి వాడితే, మీరు కొన్న ధర మీద టాక్స్ మీరే కట్టాలి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. టైల్ కట్టర్, డ్రిల్ బిట్‌ల లాంటివైతే ఎలా రాసుకున్నా మీ సొంత వాడకమే.

జవాబు 3: నాదో చిన్న డౌట్, ఇర్వింగ్‌లో ఒక డెంటల్ క్లినిక్ రీమోడల్ వచ్చింది, దానికీ ఇదే లెక్కా?

జవాబు 2: కాదు. ఇళ్ల రీమోడల్‌లో లేబర్‌కి టాక్స్ లేదు, కమర్షియల్ రీమోడల్‌లో లేబర్‌తో సహా మొత్తం బిల్లు మీద కస్టమర్ దగ్గర టాక్స్ తీసుకోవాలి, ఒకే మొత్తంగా రాసినా సరే. పర్మిట్ లేకుండా ఆ పని మొదలుపెట్టకండి.

ప్రశ్న: థాంక్స్ అండి. ఆ ఒరెగాన్ బిల్లు ఎన్నాళ్లు దాచాలి?

జవాబు 2: కనీసం నాలుగేళ్లు. కాంట్రాక్ట్ కాపీ కూడా దాంతోపాటే పెట్టండి, ఆడిట్‌లో లంప్‌సమా కాదా అని తేల్చేది అదే.