మంచు యుగాలు మనుషులు తెచ్చినవి కావు కదా, ఇప్పటి భూతాపానికి మాత్రం మనిషే కారణమని ఎలా తేల్చారు?

ప్రశ్న: సాంఘికం మాస్టారు

ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతుంటాను. మా మండలంలో జరగబోయే వక్తృత్వ పోటీకి ‘భూతాపానికి కారణం ప్రకృతా, మనిషా’ అన్న అంశం ఇచ్చారు. ప్రకృతి పక్షం వహించవలసిన మా పదో తరగతి అమ్మాయి, వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక పొడవాటి సందేశాన్ని రాసుకొచ్చి నాకు చూపించింది. కార్లూ కర్మాగారాలూ లేని కాలంలోనే మంచు యుగాలు వచ్చి పోయాయనీ, సూర్యుడి వేడిలోని హెచ్చుతగ్గులే అసలు కారణమనీ, ఒక్క అగ్నిపర్వతం పేలితే మనుషులందరూ వదిలేదానికి మించిన వాయువు వెలువడుతుందనీ, అంటార్కిటికా మంచులో చూస్తే ముందు వేడి పెరిగి ఆ తరువాతనే కార్బన్ డయాక్సైడ్ పెరిగిందనీ అందులో ఉంది.

వీటిలో మొదటిదీ చివరిదీ నాకు తెలిసినంతలో నిజాలే. అటువంటప్పుడు సహజ కారణాలను పక్కన పెట్టి మనిషి మీద నేరం ఎలా మోపారు? ఇంతమంది శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు కాబట్టి నమ్మమనే జవాబు దయచేసి వద్దు. ఆ మాట చెబితే పిల్లలు నమ్ముతారేమో గాని నేర్చుకునేదేమీ ఉండదు. కొలతలతో చెప్పగలిగినవారు చెప్పండి.

సమాధానం: నల్లరాయి

మాస్టారూ, నేను భూగర్భశాస్త్రం చదువుకున్నవాణ్ణి. సహజ కారణాలు లేవని మాలో ఎవరూ అనరు. మా చదువులో సగం వాటి గురించే. కొవ్వూరు దగ్గర పంగిడి, దుద్దుకూరు వైపు క్వారీల్లో గోడకు దగ్గరగా నిలబడి చూడండి. కింద ఒక నల్లరాతి పొర, పైన మరొకటి, ఆ రెంటి నడుమ గుల్లల అవశేషాలు పొదిగిన సున్నపురాయి పొర కనిపిస్తాయి. మనం కంకర కొట్టి రోడ్లకు పోస్తున్న ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటి లావా. పశ్చిమ భారతంలో ఉబికిన దక్కన్ లావాలే అంత దూరం పారి వచ్చాయని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. ఒక ప్రవాహం చల్లారి రెండోది వచ్చేలోగా అక్కడ సముద్రజీవులు పుట్టి పెరిగేటంత వ్యవధి దొరికింది. ఆ లావాలు లక్షల ఏళ్ళ పాటు ఉబికి వాతావరణంలోకి కార్బన్ డయాక్సైడ్‌ను వదిలాయి, ఆ కాలంలో భూమి వేడెక్కింది కూడా. అంటే ప్రకృతి చేసిన పనిలోనూ వేడెక్కించిన వాయువు ఇదే. పాత కాలపు ఉదాహరణలు చూపించి ఇప్పటి వాయువును నిర్దోషిగా విడిచిపెట్టమనేవారు ఈ సంగతి దాటవేస్తుంటారు.

ఇక ఇప్పటి అగ్నిపర్వతాల లెక్క. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ 50 కోట్ల టన్నులకు లోపే ఉంటుందని అంచనా. బొగ్గు, పెట్రోలు, సహజవాయువు, సిమెంటు తయారీల నుంచి మనం వదులుతున్నది సుమారు 3,700 కోట్ల టన్నులు. పైగా పెద్ద పేలుడు జరిగితే కొన్నాళ్ళు భూమి చల్లబడుతుంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో పేలినప్పుడు ఎగసిన సల్ఫర్ డయాక్సైడ్ సన్నని తెరలాగా సూర్యకాంతిని అడ్డుకోవడం వల్ల మరుసటి ఏడాది ప్రపంచ సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గింది. ఆ అమ్మాయి రాసుకొచ్చినవాటిలో పూర్తిగా తప్పు అయినది ఈ అగ్నిపర్వతం మాటే.

మంచు యుగాలకు ముఖ్య కారణం భూమి కక్ష్యలోనూ అక్షం వంపులోనూ వచ్చే మార్పులు. అక్షం వంపు 22.1 నుంచి 24.5 డిగ్రీల మధ్య సుమారు 41,000 ఏళ్ళకొక చుట్టుగా మారుతుంది. ఇప్పుడు 23.4 దగ్గర ఉండి మెల్లగా తగ్గుతోంది. ఉత్తర ధ్రువ ప్రాంతాలకు వేసవిలో అందే ఎండ కూడా దాదాపు పదివేల ఏళ్ళుగా తగ్గుతూ వస్తోంది. కనుక ఆ లెక్క ప్రకారం భూమి ఈపాటికి అతి నెమ్మదిగా చల్లబడుతుండాలి.

సమాధానం: భౌతికశాస్త్రం పంతులమ్మ

సూర్యుడి సంగతి నేను చెబుతాను. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యశక్తిని నేరుగా కొలుస్తున్నాయి. వాతావరణం పై అంచున చదరపు మీటరుకు సుమారు 1,361 వాట్లు అందుతుంది. సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గే పదకొండేళ్ళ చక్రంలో దీనిలో వచ్చే తేడా నూటికి 0.1 వంతు మాత్రమే. ఈ నాలుగున్నర దశాబ్దాల్లో సూర్యశక్తి పెరుగుతూ పోయిన దాఖలా లేదు, ఉష్ణోగ్రత మాత్రం పెరుగుతూ పోయింది.

పరిమాణం ఒక్కటే కాదు, ఆనవాలు కూడా చూడాలి. సూర్యుడే కారణమైతే వాతావరణం కింది నుంచి పై దాకా వేడెక్కాలి. నిజానికి కింద ట్రోపో ఆవరణం వేడెక్కుతూ, పైన స్ట్రాటో ఆవరణం చల్లబడుతోంది. దీనిలో ఓజోన్ తరుగుదలకు కొంత పాత్ర ఉన్నా అదొక్కటే చాలదు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే సరిగ్గా ఇలాగే జరుగుతుందని స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే లెక్కగట్టారు. ఉపగ్రహ కొలతలు ఆ తరువాత వచ్చాయి. మనాబేకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అలాగే ప్రపంచంలోని భూభాగాల మీద ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో పగళ్ళకన్నా రాత్రులు ఎక్కువగా వేడెక్కాయి. ఎండ ముదరడం వల్ల వచ్చిన వేడి అయితే పగళ్ళదే పైచేయి కావాలి.

గాలిలో పెరిగిన కార్బన్ మనదేనని చెప్పడానికి ఇంకో సాక్ష్యం ఉంది. కార్బన్‌లో రేడియోధార్మిక రకమైన కార్బన్-14 అర్ధాయుష్షు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 5,730 ఏళ్ళు కాబట్టి కోట్ల ఏళ్ళు భూమిలో ఉన్న బొగ్గులో, చమురులో అది మిగలదు. గాలిలోని కార్బన్‌లో దాని వాటా పలచబడుతోంది, మొక్కలు అంతగా ఇష్టపడని, కాస్త బరువైన రకం కార్బన్-13 వాటా కూడా తగ్గుతోంది. ఇవి రెండూ మొక్కల నుంచి ఏర్పడిన పాత ఇంధనాన్ని కాల్చినప్పుడు కనిపించే లక్షణాలు. ఈ భాగం పిల్లలకు బల్ల గుద్ది చెప్పవచ్చు.

సమాధానం: కరువు సీమ

ఇంత నిశ్చయంగా మాట్లాడటం నాకు నచ్చదు. మా వైపు పెద్దలు చెప్పుకునే ధాత కరువు 1876లో మొదలైంది. అప్పుడు పసిఫిక్‌లో తీవ్రమైన ఎల్‌నినో (సముద్రపు పైనీరు మామూలుకన్నా వేడెక్కడం) వచ్చిందని ఇప్పుడు చెబుతున్నారు. దానికి ఏ కర్మాగారమూ కారణం కాదు. ఇప్పుడైతే ఎండ ముదిరినా, వాన కురవకపోయినా, ఎక్కువ కురిసినా అన్నిటికీ భూతాపమే అంటున్నారు. హిమాలయాల మంచు 2035 నాటికి కరిగిపోతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో రాసి, 2010 జనవరిలో ఆ మాట వెనక్కి తీసుకున్నది వాస్తవం కాదా? ఉష్ణమాపకాలు చాలా వరకు ఊళ్ళు పెరిగి కాంక్రీటు చుట్టుముట్టిన చోట్ల ఉన్నాయి. శంకించేవాణ్ణి మూర్ఖుడన్నట్టు చూడకుండా వీటికి జవాబు చెప్పండి.

సమాధానం: భౌతికశాస్త్రం పంతులమ్మ

మీ శంకలు అడగదగినవే అండీ. కాంక్రీటు వేడి సంగతినే ప్రశ్నించిన రిచర్డ్ ముల్లర్ అనే భౌతికశాస్త్రవేత్త బర్కిలీలో సొంత బృందాన్ని కూర్చుకొని రికార్డులన్నీ మళ్ళీ లెక్క వేశారు. పెరుగుదల నిజమేననీ, దానికి దాదాపు పూర్తిగా మనుషులే కారణమనీ 2012లో ప్రకటించారు. భూతాపం ముప్పును పెద్దది చేసి చెబుతున్నారని వాదించే జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ నడిపే ఉపగ్రహ రికార్డులో సైతం 1979 నుంచి దశాబ్దానికి సుమారు 0.15 డిగ్రీల పెరుగుదల ఉంది. అన్నిటికన్నా సముద్రం చూడండి. అదనంగా పోగైన వేడిలో నూటికి 90 వంతులకు పైగా సముద్రంలోకే పోతోంది. రెండు కిలోమీటర్ల లోతు దాకా మునిగి తేలుతూ కొలిచే ఆర్గో యంత్రాలు దాన్ని నమోదు చేస్తున్నాయి. మన దేశపు ఆర్గో సమాచారాన్ని చూసేది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిసే. నడిసముద్రంలో కాంక్రీటు లేదు.

2035 మాట నిజంగా సిగ్గుపడవలసిన పొరపాటే, సమర్థించను. ఎల్‌నినో విషయంలోనూ మీరన్నది సబబే. ఏ ఒక్క కరువునూ చూపించి భూతాపాన్ని రుజువు చేయలేము. అయితే ఎల్‌నినో సముద్రంలో ఉన్న వేడిని బయటికి తెస్తుందే గాని కొత్త వేడిని పుట్టించదు. అది ఒక్కటే కారణమైతే గాలి వేడెక్కినకొద్దీ సముద్రం చల్లబడాలి.

సమాధానం: కరువు సీమ

సముద్రం మాట ఒప్పుకోదగినదే. అయినా మా జిల్లాలో 2050లో వాన ఎంత కురుస్తుందో చెప్పే పటాలను మాత్రం నేను నమ్మను.

సమాధానం: భౌతికశాస్త్రం పంతులమ్మ

వాటిని నేనూ నమ్మను. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఉష్ణోగ్రత 2.5 నుంచి 4 డిగ్రీల మధ్య పెరగవచ్చని 2021 ఐపీసీసీ నివేదిక చెప్పింది. మేఘాల ప్రవర్తన తేలక అంత వెడల్పు మిగిలింది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుందని పాఠం చెబుతాము. తీరా చూస్తే 1951 నుంచి 2015 వరకు దేశంలో నైరుతి వాన నూటికి సుమారు 6 వంతులు తగ్గింది, దానిలో పొగ, ధూళి కణాల పాత్ర ఉందంటున్నారు. శంకించడానికి చోటు ఇక్కడ ఉంది, సూర్యుడి దగ్గర లేదు.

సాంఘికం మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. అంటార్కిటికా మంచులో ముందు వేడి, తరువాత వాయువు అన్న సంగతి ఎవరూ తడమలేదు. పోటీలో ఎదుటివారు పట్టుకునేది అదే.

సమాధానం: నల్లరాయి

ఆ వరుస నిజమే మాస్టారూ, కొన్ని వందల ఏళ్ళ తేడా ఉంటుంది. మంచు యుగం ముగియడానికి మొదటి కదలిక కక్ష్య మార్పు నుంచి వచ్చింది. దక్షిణ సముద్రాలు కొంత వేడెక్కి, తమలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను విడిచాయి. ఆ వాయువు వేడిని పెంచి భూమంతటికీ పాకించింది. 2012లో 80 చోట్ల నుంచి సేకరించిన ఆధారాలను కలిపి చూసినప్పుడు, అంటార్కిటికాను దాటి ప్రపంచ సగటును తీసుకుంటే, వేడే వాయువు వెనక నడిచినట్టు తేలింది. వేడి వాయువును పెంచడమూ, వాయువు వేడిని పెంచడమూ రెండూ జరిగేవే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కరలేదు. ఇప్పుడు సముద్రం వాయువును విడవడం లేదు, మనం వదిలినదానిలో సుమారు నాలుగో వంతు పీల్చుకుంటూ ఆమ్లత పెంచుకుంటోంది. పోటీలో చెప్పడానికి ఒక లెక్క కావాలంటే, ఆ మంచు యుగం చివర కార్బన్ డయాక్సైడ్ సుమారు 80 పీపీఎం (పది లక్షల గాలి అణువుల్లో 80) మేర పెరగడానికి సుమారు ఏడు వేల ఏళ్ళు పట్టింది. హవాయిలోని మౌనా లోవాలో చార్లెస్ కీలింగ్ 1958లో కొలవడం మొదలుపెట్టిన నాటి నుంచి పెరిగినదే 100 పీపీఎంకు పైన ఉంది.