బండా? డిపోనా? కొండమీది ఊరికి బియ్యం ఎలా చేరాలి?

ఘాట్‌రోడ్డు:
ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి దగ్గరికే సరుకు తెచ్చే రేషన్ బండ్లు 2021 జనవరిలో మొదలయ్యాయి. మొత్తం 9,260. 2025 జూన్ 1 నుంచి అవి పోయి మళ్లీ చౌక డిపోలే దిక్కయ్యాయి. నెలలో 1 నుంచి 15 వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. అరవై ఐదేళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే తెచ్చి ఇస్తామన్నారు. టీవీల్లో దీని మీద జరిగిన పోట్లాటంతా మైదానం ఊళ్ల పోట్లాట. నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక మండలంలో పంతులుగా ఉన్నాను. మా బడికి వచ్చే పిల్లల ఊళ్లలో కొన్నింటికి అప్పుడు బండీ వెళ్లలేదు, ఇప్పుడు డిపో కూడా లేదు. తారు రోడ్డు ఎక్కడ ఆగితే బండి అక్కడే ఆగేది. ఆ పైన బియ్యం ఆడవాళ్ల నెత్తి మీదే. అందుకే బండా, డిపోనా అన్న ప్రశ్న కొండకు అసలు చెల్లదంటాను. రోడ్డు చివర దిగిన బియ్యం ఊరికి చేరడానికి ఇంకో నాలుగు కిలోమీటర్లుంది. ఆ మోత ఎవరిది? మీరేమంటారు?

రెండో వీధి:
మాది డెల్టా ఊరు. కొండ సంగతి నాకు తెలియదు గానీ, బండి సంగతి బాగా తెలుసు. ఇంటికే రేషన్ అన్నారు, వచ్చింది వీధి మొగదలకు. ఏ రోజు వస్తుందో ముందు రోజు రాత్రి దాకా తెలిసేది కాదు. నాట్ల రోజుల్లో మా అమ్మ కూలి మానుకుని సంచి పట్టుకుని నిలబడేది. ఒకసారి పదకొండు గంటలకని చెప్పి మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. అప్పటికి వేలిముద్ర యంత్రం పనిచేయలేదు, మర్నాడు రమ్మన్నారు. రెండు రోజుల కూలి పోయింది. ఆ డబ్బుతో బజారులో సన్నబియ్యమే కొనుక్కోవచ్చు! ఇప్పుడు పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని ఏడింటికి డిపోకు వెళ్లి తెచ్చుకుంటోంది. నాకు డిపోనే మేలు.

పాత స్టీరింగ్:
బండి నడిపినవాణ్ణి. రెండో వీధి గారు, మిమ్మల్ని ఎండలో నిలబెట్టాలని మాకు మాత్రం ఎందుకుంటుంది? నెలకు 21 వేలు ఇచ్చేవారు. అందులోనే డీజిలు, సహాయకుడి జీతం. సర్వర్ ఆగిపోతే తిట్లు తినేది మేమే. కానీ ఒక్క మాట ఒప్పుకోండి. నడివీధిలో పదిమంది చూస్తుండగా తూకం వేసేవాళ్లం. "సరుకు అయిపోయింది, వచ్చే నెల చూద్దాం" అని తలుపు వేసుకోవడానికి మాకు తలుపే లేదు. ఇక ముసలివాళ్లకు డీలరు ఇంటికి తీసుకెళ్లి ఇవ్వాలన్నారు కదా, తీసుకెళ్లే బండి ఎవరిది? బండ్లు తీసేసి, బండి చేయాల్సిన పని డీలరు చేత చేయిస్తామనడం విడ్డూరం.

తూకం రాయి:
మాది డీలరు కుటుంబం కాబట్టి ఆ తలుపు సంగతి నేను చెబుతాను. క్వింటాలుకు వంద రూపాయల కమీషన్, అంటే కిలోకు రూపాయి. ఊళ్లో 120 కార్డులున్నాయనుకోండి, కార్డుకు సగటున పదిహేను కిలోలు. 18 క్వింటాళ్లు, 1,800 రూపాయలు. దాంట్లోనే కొట్టు అద్దె, కరెంటు, గోడౌను నుంచి వచ్చే బస్తాల్లో తరుగు. చిన్న ఊళ్లో నిజాయితీగా డిపో నడిపితే పస్తే. కార్డులు ఎక్కువున్న ఊళ్లో గిట్టుబాటవుతుంది. అందుకే చిన్న ఊళ్లను పెద్ద ఊరి డిపోకు కలిపేస్తారు. దూరం అక్కడే పుడుతోంది. దొంగ డీలర్లు లేరనను, ఉన్నారు. కానీ మమ్మల్ని తిట్టేముందు ఈ లెక్క ఒకసారి వేయండి.

ఘాట్‌రోడ్డు:
తూకం రాయి గారు మంచి లెక్క వేశారు. మా దగ్గర మాత్రం ఆ లెక్క వర్తించదు. ఏజెన్సీలో చాలా చోట్ల డిపో నడిపేది గిరిజన సహకార సంస్థ. 1956లో పుట్టిన సంస్థ. అక్కడ డీలరు ఉండడు, జీతం తీసుకునే సేల్స్‌మన్ ఉంటాడు. అదే డిపోలో సబ్బు, నూనె, ఉప్పు అమ్ముతారు. కొండవాళ్ల దగ్గర చింతపండు, తేనె, అడ్డాకు, కొండచీపురు కొనేదీ ఆ సంస్థే. అంటే కొనడానికీ అమ్మడానికీ ఒకే గడప. ఆలోచన చూడండి, ఎంత బాగుందో! కమీషన్ గిట్టదన్న సాకు ఇక్కడ లేదు కాబట్టి ముప్పై గడపల ఊరికి కూడా ఉపడిపో పెట్టొచ్చు. పెట్టడం లేదు, అదీ నా కోపం.

ఇంకొకటి. వేలిముద్ర. మార్చిలో చింతపండు ఒలిచే రోజులు. నా విద్యార్థి నాయనమ్మకు తోడుగా ఒకసారి డిపోకు వెళ్లాను. ఆమె బొటనవేలు నల్లగా, పగుళ్లు దేలి ఉంది. యంత్రం మీద పెట్టింది, పడలేదు. చీర కొంగుతో తుడిచింది, పడలేదు. తలకు రాసుకున్న ఆముదం జిడ్డు వేలికి పట్టించి మళ్లీ పెట్టింది. ఈసారి వేలు పడింది, సిగ్నల్ పోయింది. సేల్స్‌మన్ చెడ్డవాడు కాడు, యంత్రం పట్టుకుని పక్కనున్న బండరాయి ఎక్కాడు. ఆమె కూడా వెనకాలే ఎక్కింది. డెబ్బై ఏళ్ల మనిషి! కిందకి దిగి బియ్యం తూయించుకునేసరికి సాయంత్రమైంది. చీకట్లో కొండ ఎక్కలేదు కదా, ఆ రాత్రి డిపో అరుగు మీదే పడుకుంది.

నేరుగా ఖాతాకి:
ఇంత అవస్థ ఎందుకండీ? బియ్యం విలువ డబ్బు రూపంలో ఖాతాలో వేస్తే సరిపోతుంది. చండీగఢ్, పుదుచ్చేరిలో 2015లోనే మొదలుపెట్టారు. ఇక్కడ రేషన్ బియ్యాన్ని కార్డుదారులే కిలో పది రూపాయలకు అమ్ముకుంటున్నారు, ఆ మాట ఎవరూ ఎత్తరేం? అవి మిల్లుకు వెళ్లి, సంచి మారి, కాకినాడ ఓడరేవు దాకా పోతున్నాయి. 2024 నవంబరులో అక్కడ ఓడలో రేషన్ బియ్యం దొరికి జరిగిన రభస అందరూ చూశారు. తినని బియ్యానికి బండి ఎందుకు, డిపో ఎందుకు?

రెండో వీధి:
అమ్ముకునేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు, దాచను. కొందరికి ఆ బియ్యం సయించవు. కొందరు అందులో కలిపిన పోషకాల గింజలు చూసి ప్లాస్టిక్ బియ్యమని భయపడ్డారు. వందకు ఒకటి చొప్పున కలుపుతారని, నీళ్లలో తేలినా అవి ప్లాస్టిక్ కావని చెప్పేవాడు లేకపోయాడు. మా అమ్మ వాటిని ఏరి పారేసేది. కానీ పది మంది అమ్ముకుంటున్నారని తినే తొంభై మంది చేతిలో నోటు పెడితే ఎలా? ఉల్లిపాయ ధర చూస్తున్నారు కదా. బియ్యం ధర పెరిగితే మీ నోటు సాగుతుందా?

ఘాట్‌రోడ్డు:
చండీగఢ్ అంతా పట్టణమే, నాలుగు అడుగులకు ఒక కొట్టు. పల్లెలో ఏమవుతుందో చూడాలంటే జార్ఖండ్‌కు వెళ్లండి. రాంచీ దగ్గర నగ్రీలో 2017లో ఇదే ప్రయోగం చేశారు. ముందు ఖాతాలో డబ్బు, ఆ డబ్బు తీసి డిపోకు తీసుకెళ్తే బియ్యం. జనం బ్యాంకుకు ఒకసారి, డిపోకు ఒకసారి తిరిగారు. డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి ఇంకోసారి. జనం నిరసన ఊరేగింపులు తీశారు, 2018లో ఆ ప్రయోగం ఎత్తేశారు. మా కొండ ఊళ్ల నుంచి బ్యాంకు డిపోకన్నా దూరం. ఒకవేళ డబ్బు చేతికొచ్చినా కొనడానికి వారానికొక సంత, అక్కడ వర్తకుడు చెప్పిందే ధర.

మొక్కజొన్న దారి:
అమెరికాలో మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేస్తాను. ఇక్కడ బీదవాళ్లకు స్నాప్ అని నెలనెలా ఒక కార్డులో డబ్బు వేస్తారు, దాంతో నచ్చిన కొట్లో తిండి సరుకు కొనుక్కోవచ్చు. నేరుగా ఖాతాకి గారు కోరుకునేది దాదాపు ఇదే. చిక్కేమిటంటే మా కౌంటీలో ఉన్న ఒకే ఒక్క పెద్ద కొట్టు మూతపడింది. కార్డులో డబ్బుంది, కూరగాయలు కొనాలంటే ముప్పావుగంట కారు ప్రయాణం. కారు లేని ముసలివాళ్లు పెట్రోలు బంకులో దొరికే డబ్బా తిండి కొంటున్నారు. ఇక్కడి ప్రభుత్వం పల్లెల్లో పెద్ద కొట్టు 10 మైళ్లకు మించి ఉంటే దాన్ని దూరంగా లెక్కగడుతుంది. మన చర్చల్లో కిలోల మాటే గానీ కిలోమీటర్ల మాట రాదు. ఇంకొకటి, 2025 శరదృతువులో బడ్జెట్ ఆమోదం కాక ఇక్కడి ప్రభుత్వం మూతపడినప్పుడు నవంబరు డబ్బు ఆగింది. నాలుగు కోట్ల మందికి పైగా ఆ కార్డు మీద ఆధారపడ్డారు. గోడౌనులో బియ్యం ఉంటే అలా ఒక్క రాత్రిలో మాయం కావు.

నేరుగా ఖాతాకి:
అమెరికా ముచ్చట మనకెందుకండీ? కొట్టు లేకపోతే డబ్బు వచ్చాక కొట్టే వస్తుంది. వ్యాపారం అంటే అదే.

తూకం రాయి:
120 కార్డుల ఊరికా? పైన నా లెక్క మళ్లీ చదవండి.

పాత స్టీరింగ్:
ఘాట్‌రోడ్డు గారూ, ఉపడిపో అంటున్నారు సరే, దానికి సరుకు చేర్చేదెలా? నేను ఒక ఏడాది ఘాట్‌లో నడిపాను. క్లచ్ కాలిన వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. మీరు చెప్పే ఊళ్లకు బండి కాదు కదా, ట్రాక్టరు కూడా వెళ్లదు.

ఘాట్‌రోడ్డు:
నిజమే, బండి వెళ్లదు. మా వైపు గుర్రాలున్నాయి. పెళ్లి ఊరేగింపుల గుర్రాలు కావు, పొట్టి గుర్రాలు. రెండు పక్కలా రెండు సంచులు కట్టి రాళ్ల దారిలో నడిపిస్తారు. కాఫీ గింజలు దింపేది, ఉప్పు ఎక్కించేది వాటి మీదే. నేననేది, రోడ్డు చివరి దాకా లారీ కిరాయి ప్రభుత్వం ఇస్తున్నప్పుడు, ఆ పైన గుర్రం కిరాయి కూడా ఇవ్వాలి. నెలలో ఒక రోజు చెప్పి, ఊళ్లో బడి అరుగు మీద తూకం వేసి పంచాలి. వేలిముద్ర పడకపోతే పుస్తకంలో సంతకం. మా బడి అరుగు నేనిస్తాను.

పాత స్టీరింగ్:
గుర్రానికి ఎంత తీసుకుంటారు ఇప్పుడు?

ఘాట్‌రోడ్డు:
డబ్బు తీసుకోరు. నిరుపేదలకిచ్చే 35 కిలోల అంత్యోదయ కార్డు సంచికి రెండు కిలోల బియ్యం.