ఉద్యోగం మారుతున్నాను: అమ్మ ఆరోగ్య బీమా తెగిపోకుండా ఏం చేయాలి?

ప్రశ్న:
హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ నెల 28 నా చివరి పనిదినం, కొత్త కంపెనీలో చేరేది వచ్చే నెల 20న. ఇప్పుడున్న 5 లక్షల గ్రూప్ పాలసీలో (ఉద్యోగులందరికీ కలిపి కంపెనీ తీసుకున్నది) మొదటి ఏడాది నుంచీ మా అమ్మ పేరు కూడా ఉంది. ఆమెకు 61 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగరు ఉంది, మోకాలి మార్పిడి ఆపరేషన్ తప్పదని డాక్టరు ఈమధ్యే చెప్పారు. కొత్త కంపెనీ పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకోరు. బయట పాలసీ తీసుకుంటే షుగరుకూ మోకాలికీ మూడేళ్లు ఆగాలంటున్నారు. ఈ నాలుగేళ్లూ ఏ లెక్కకూ రావా?

సమాధానం 1:
వస్తాయండి, కానీ ఆ సంగతి మీరు కంపెనీ వదిలేలోపే తేల్చుకోవాలి. గ్రూప్ పాలసీలో ఉన్న ఉద్యోగి గానీ, వారి కుటుంబసభ్యులు గానీ అదే బీమా సంస్థ ఇచ్చే వ్యక్తిగత పాలసీలోకి మారడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. దీన్ని మైగ్రేషన్ అంటారు. ఇలా మారినప్పుడు పాత పాలసీలో వరుసగా గడిచిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే ఒక జబ్బుకు బీమా వర్తించే ముందు ఆగాల్సిన గడువులో, తగ్గిస్తారు. 2024 ఏప్రిల్ నుంచి ముందే ఉన్న జబ్బులకు ఆ గడువు 36 నెలలు దాటకూడదు కాబట్టి, నాలుగేళ్లు నిండిన మీ అమ్మగారికి ఆ అడ్డు ఉండకూడదు. అయితే ఈ వెసులుబాటు పాత 5 లక్షల వరకే. 10 లక్షలకు పెంచుకుంటే పెరిగిన భాగానికి గడువు మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. దరఖాస్తును పరిశీలించి ప్రీమియం నిర్ణయించే అధికారమూ, కాదనే అధికారమూ బీమా సంస్థవే గనుక ఈ వారంలోనే మెయిల్ పెట్టండి. షుగరు సంగతి రాయనక్కరలేదని ఏ ఏజెంటు చెప్పినా దయచేసి వినవద్దు. ప్రపోజల్ ఫారంలో (పాలసీ దరఖాస్తులో) దాచిన జబ్బు రేపు క్లెయిం దగ్గర బయటపడితే నష్టపోయేది అమ్మగారే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు కాబట్టి ప్రీమియం భారం కొంత తగ్గుతుంది.

సమాధానం 2:
మీ 28కీ 20కీ మధ్య ఉన్న మూడు వారాలే నాకు భయంగా ఉన్నాయి. నేను రిలీవ్ అయిన అయిదో రోజున మా నాన్నగారికి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో ఈ-కార్డు నంబరు కొట్టి చూసి, నా పేరు పాలసీలో నుంచి తీసేశారని చెప్పారు. అప్పటికప్పుడు 2,38,000 రూపాయలు కట్టాము. అందులో సగం మా అక్కయ్య ఇచ్చింది. అందుకే చెబుతున్నాను, ఆఫీసు లాగిన్ ఆగిపోక ముందే నాలుగేళ్ల ఈ-కార్డులు, పాలసీ సర్టిఫికెట్లు, అమ్మగారు చేరిన తేదీ, పాత క్లెయిముల వివరాలు మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. మైగ్రేషన్‌లో కొత్త పాలసీ 29 నుంచే మొదలయ్యేలా రాయించుకోండి.

సమాధానం 3:
ఇది చదివే వారిలో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఒక మాట. ఈఎస్ఐలో (ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకంలో) ఉన్నవారు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, మరుసటి జనవరి నుంచి జూన్ వరకు వైద్యం అందుతుంది, మధ్యలో ఉద్యోగం మానేసినా సరే. కొత్త చోట మరో ఈఎస్ఐ నంబరు తీసుకోకుండా పాత నంబరే ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయమే బీమా సంస్థకూ హెచ్‌ఆర్‌కూ మెయిల్ పంపాను. అమ్మ షుగరు రిపోర్టులు తొమ్మిదేళ్లవీ ఒక ఫైలులో ఉన్నాయి, వాటిని కూడా జతచేశాను.