ఉప పేజీలు పై మెనూలోంచి కిందికి జారాలా, పేజీ లోపలే కనబడాలా?

బెంజిసర్కిల్ థీమ్స్

విజయవాడలో తెలుగు బ్లాగులకు వర్డ్‌ప్రెస్ థీములు (బ్లాగు రూపాన్ని నిర్ణయించేవి) చేస్తుంటాను. చాన్నాళ్లుగా మనసులో నలుగుతున్న విషయం, మీరంతా ఏమంటారో వినాలని రాస్తున్నా. గుంటూరు దగ్గర మిర్చి సాగు మీద బ్లాగు రాసే ఒక రైతుగారికి ఇప్పుడు కొత్త థీము చేస్తున్నాను. ఆయనవి నలభై దాకా పేజీలున్నాయి. పైన మిర్చి, పత్తి, పసుపు. మిర్చి కింద తేజ, 334, బాడిగ రకాలు, తెగుళ్లు. తెగుళ్ల కింద మళ్లీ నల్ల తామర పురుగు, బొబ్బర తెగులు, కాయకుళ్లు. అంటే మూడు అంతస్తులు. పాత థీములో ఉన్నట్టే మౌస్ పెడితే కిందికి జారే మెనూ కావాలన్నారు, నేను వద్దన్నాను.

పై మెనూలో మొదటి అంతస్తు పేజీలు మాత్రమే ఉండాలని నా వాదన. మిర్చి నొక్కితే మిర్చి పేజీ రావాలి, అక్కడ శీర్షిక కిందే దాని ఉప పేజీలన్నీ ఒక్కో వాక్యం పరిచయంతో కనబడాలి.

ఎందుకంటే, పోయిన వారం ఆయన ఊరెళ్లి ఆయన ఫోన్‌లోనే పాత బ్లాగు తెరిచి, నల్ల తామర పురుగు పేజీ ఒకసారి చూపించండి అన్నాను. బొటనవేలితో మిర్చి మీద నొక్కారు. జాబితా అలా జారిందో లేదో, చదివేలోపే మిర్చి పేజీ లోడవడం మొదలైంది. వెనక్కి వచ్చి ఈసారి నొక్కి పట్టుకున్నారు, కొత్త ట్యాబ్‌లో తెరవాలా అని ఫోన్ అడిగింది. మూడోసారి జాబితా నిలబడింది గానీ తెగుళ్లు మీద నొక్కితే దాని పక్కన రావాల్సిన మూడో జాబితా స్క్రీన్ దాటి బయటికి పోయింది. చివరికి "గూగుల్‌లో కొడితే వస్తుంది లెండి" అన్నారు. 2021లో ఆ పురుగు పడి గుంటూరు చుట్టుపక్కల తోటలు తోటలే పీకేసినప్పుడు, రాత్రుళ్లు కూర్చుని ఆయన రాసిన పేజీ అది. రాసినాయనకే దొరకకపోతే తోటి రైతుకి ఎలా దొరుకుతుంది?

అరండల్‌పేట కోడర్

అన్నా, నేను ఒప్పుకోను. ఆ థీము సరిగ్గా రాయలేదు, అంతే. దానికి జారే మెనూలన్నిటినీ తీసేయమనడం న్యాయం కాదు. సైటులో ఏమేం ఉన్నాయో ఒక్క చూపులో చెప్పడానికే కదా మెనూ పెట్టేది. మిర్చి, పత్తి, పసుపు అన్న మూడు మాటలు చూస్తే, లోపల తెగుళ్ల మీద ఇంత రాశారని కొత్తగా వచ్చినవాళ్లకి ఎలా తెలుస్తుంది? పైగా మీ పద్ధతిలో మధ్యలో ఒక పేజీ అదనంగా లోడవ్వాలి, పొలం గట్టు మీద సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఇంకో మాట. చాలామంది మధ్య పేజీలో ఒక్క ముక్క కూడా రాయరు. మిర్చి అని పేరు పెట్టి, కింది పేజీలు సర్దుకోవడానికి డబ్బాలా వాడుకుంటారు. అక్కడికి పంపితే చదివేవాళ్లకి తెల్ల కాగితం కనబడుతుంది. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి జారే మెనూ ఎంత సుఖమో మర్చిపోతున్నారు మీరు.

బ్రాడీపేట పాఠకురాలు

నాకు కోడ్ రాదు, బ్లాగులు చదువుతానంతే. మా బ్రాడీపేటలో 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. ఆటో అతను ముందు నాలుగో లైనులోకి వస్తాడు, తర్వాత అడ్డరోడ్లు లెక్కపెట్టుకుంటాడు. లైను మొదట్లోనే అన్ని అడ్డరోడ్లూ చదివి వినిపించమని ఎవరూ అడగరు, కానీ ఏ లైనులో ఉన్నామో చెప్పే బోర్డు మాత్రం కావాలి. మీరిద్దరూ పైనుంచి వచ్చేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. నేను దాదాపు ఎప్పుడూ గూగుల్‌లోంచి నేరుగా లోపలి పేజీలో దిగుతాను. కాయకుళ్లు అని ఉంటుంది, అది మిర్చిదా టమాటాదా తెలియదు, పక్కన ఇంకేం తెగుళ్ల గురించి రాశారో తెలియదు. పైకి వెళ్లే దారి ఉండదు. చదివేసి మూసేస్తాను.

బెంజిసర్కిల్ థీమ్స్

అమ్మా, నేను రాయడం మర్చిపోయింది మీరు చెప్పారు. ఇందులో బాధేంటంటే, వర్డ్‌ప్రెస్ ఆ బోర్డు ఎప్పటినుంచో ఇస్తూనే ఉంది. పేజీల జాబితా తయారుచేసేటప్పుడు మనమున్న పేజీకి 'కరెంట్ పేజ్ ఐటమ్' అని, దాని పై పేజీలకి 'కరెంట్ పేజ్ యాన్సెస్టర్' అని క్లాసు (థీము గుర్తుపట్టే పేరు) దానంతట అదే తగిలిస్తుంది. పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్‌లో రెండు లైన్లు రాసి రంగో గీతో వేస్తే, కాయకుళ్లు చదువుతున్నా పైన మిర్చి వెలుగుతూ ఉంటుంది. శీర్షిక పైన మిర్చి, తెగుళ్లు, కాయకుళ్లు అని వరసగా దారి చూపించడం కూడా పెద్ద పనేం కాదు. బద్ధకించి వదిలేస్తున్నాం.

కోడర్ గారూ, ఖాళీ పేజీ సంగతి నిజమే, కానీ అది థీము చూసుకోవాల్సిన పని. పేజీల జాబితా తెచ్చే ఫంక్షన్ 'డబ్ల్యూపీ లిస్ట్ పేజెస్'కి 'చైల్డ్ ఆఫ్' అని ఆ పేజీ నంబరు, 'డెప్త్' (ఎన్ని అంతస్తులు అని) 1 ఇస్తే బ్లాగరు ఏమీ రాయకపోయినా ఉప పేజీల జాబితా వచ్చి కూర్చుంటుంది. డెప్త్ ఏమీ ఇవ్వకపోతే సున్నా అనుకుని అన్ని అంతస్తులూ కుమ్మరిస్తుంది, అందుకే కొన్ని థీముల్లో మెనూ స్క్రీన్ కిందిదాకా సాగిపోతుంది.

కంప్యూటర్‌లో మాత్రం సుఖం ఎక్కడుంది? మిర్చి, తెగుళ్లు, అక్కడినుంచి పక్క జాబితాలోకి. మౌస్ అడ్డంగా తిన్నగా వెళ్లాలి, కాస్త ఏటవాలుగా కదిలితే దారిలో వేరే పేరు తగిలి అంతా మూసుకుపోతుంది. వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే ప్రమాణం డబ్ల్యూసీఏజీ, 2018లో వచ్చిన దాని 2.1లో దీనికోసమే ఒక నియమం పెట్టారు. మౌస్ ఆనితే తెరుచుకున్నది, మౌస్ దాని మీదికి జరిపినా నిలబడాలి, మౌస్ కదపకుండానే మూసే వీలూ ఉండాలి.

ఇక తెలుగు బాధ వేరే. మెనూ వరస ఎత్తు ఇంగ్లీషుకి కొలిచి, మించింది కనబడకుండా దాచేస్తారు. 'మిర్చి'లో ర కింద ఉన్న చ వత్తు ఆ గీత దగ్గర తెగిపోయి 'మిరి' అని కనబడుతుంది. ఆ రైతుగారి పాత బ్లాగులో సరిగ్గా అలాగే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు! వరస ఎత్తు అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాల్సిందే.

కృష్ణలంక పాత బ్లాగరు

మెనూ ఎక్కడ పెట్టాలన్నది సరే, దాన్ని ఎవరు కూర్చాలన్నది కూడా తేల్చండి. 2010 జూన్‌లో వర్డ్‌ప్రెస్ 3.0 వచ్చేదాకా పేజీలు ఏ వరసలో ఉంటే మెనూ అలా వచ్చేది. అప్పటినుంచి చేత్తో కూర్చుకునే మెనూలు వచ్చాయి. మంచిదే, కానీ కొత్త పేజీలు దానంతటదే మెనూలో చేరేలా టిక్కు పెట్టుకున్నా అది పై అంతస్తు పేజీలకే పనిచేస్తుంది. ఉప పేజీ రాసి పబ్లిష్ చేసి, మెనూలో చేర్చడం మర్చిపోయి, ఎవరూ చదవడం లేదేంటని నెలలు బాధపడ్డాను. బెంజిసర్కిల్ గారి పద్ధతిలో ఆ గొడవ లేదు కాబట్టి నా ఓటు ఆయనకే.

ఒక్క హెచ్చరిక. మెనూ అందంగా రావాలని పేజీల్ని ఒకదాని కిందినుంచి ఇంకోదాని కిందికి మార్చకండి. పై పేజీ మారితే చిరునామా మారుతుంది. పోస్టులకైతే పాత చిరునామా వర్డ్‌ప్రెస్ గుర్తుపెట్టుకుని కొత్తదానికి పంపుతుంది, పేజీలకు ఆ పని చేయదు. నేను ఒక సాయంత్రం కూర్చుని ముచ్చటపడి అంతా సర్దాను, మర్నాటి నుంచి వాట్సాప్‌లో జనం పంచుకున్న లింకులు తెరుచుకోలేదు. తెలుగులో పేరు పెడితే ఇంకో చిక్కు. చిరునామాలో వచ్చే ఆ పేరుకి డేటాబేసులో ఉన్న గడి 200 అక్షరాలదే, తెలుగులో గుణింతం గుర్తూ పొల్లూ విడివిడిగా లెక్కేసి ఒక్కోటి తొమ్మిదేసి తినేస్తాయి. 'మిర్చిలో నల్ల తామర పురుగు నివారణ' అని శీర్షిక పెట్టి చూడండి, చిరునామా 'పురుగ' దగ్గర తెగిపోతుంది. ఉప పేజీకి పొట్టి పేరు పెట్టండి, మిర్చి అని పైన ఎలాగూ ఉంటుంది.

అరండల్‌పేట కోడర్

వత్తు తెగే సంగతి నా థీముల్లో ఇప్పుడే చూసుకున్నాను, రెండింట్లో ఉంది. ఈ రాత్రికే సరిచేస్తాను. మూడో అంతస్తు మెనూలో వద్దన్నదీ ఒప్పుకుంటున్నా. రెండోది మాత్రం వదులుకోను. మౌస్ ఆనించడం పూర్తిగా తీసేద్దాం, మిర్చి అన్న పదం లింకుగానే ఉంచి, పక్కన బాణం గుర్తుతో విడిగా ఒక బటన్ పెడదాం. బాణం నొక్కితే జాబితా తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. తెరిచి ఉందో మూసి ఉందో కోడ్‌లో 'ఆరియా ఎక్స్‌పాండెడ్'తో చెప్తే, చూపులేనివాళ్ల స్క్రీన్ రీడర్ దాన్ని చదువుతుంది. బటన్ చిన్నది కాకూడదు. డబ్ల్యూసీఏజీ 2.2 కనీసం 24 పిక్సెళ్లు అంటుంది, ఆపిల్ 44 పాయింట్లు అంటుంది, పొలం పని చేసే చేతికి నేనైతే 48కి తగ్గించను. ఏం ఉందో చూడాలనుకునేవాళ్లు బాణం నొక్కుతారు, చదవాలనుకునేవాళ్లు పదం నొక్కుతారు. ఇందులో మీకు అభ్యంతరం ఏంటి అన్నా?

బెంజిసర్కిల్ థీమ్స్

అభ్యంతరం లేదు, బాగుంది. రెండో అంతస్తు వరకే, బాణం బటన్‌తో పెడతాను. మిర్చి పేజీలో జాబితా ఎలాగూ ఉంటుంది, దాన్ని మాత్రం తీయను. ఆదివారం మళ్లీ ఆ ఊరెళ్తున్నా, అదే ఫోన్‌లో అదే పేజీ అడుగుతాను, ఎన్ని నొక్కులకి దొరికిందో ఇక్కడే రాస్తా. ఒక్కటి ఇంకా తేలలేదు. పదం నొక్కబోయి బాణం నొక్కేవాళ్లు కచ్చితంగా ఉంటారు. మీ థీముల్లో రెండిటి మధ్య గీత గీశారా, ఖాళీ వదిలారా? ఎవరి దగ్గరైనా స్క్రీన్‌షాట్ ఉంటే పెట్టండి, శనివారంలోపు కావాలి.