పాత 8 జీబీ ర్యామ్ పక్కన కొత్త 16 జీబీ పెట్టొచ్చా?

ఫొటోల పిచ్చోడు:
నాది ఐ5-10400 ప్రాసెసర్, బీ460 మదర్‌బోర్డు. ర్యామ్ ఒకటే స్టిక్, 8 జీబీ డీడీఆర్4, స్పీడ్ 2400. కెమెరా నుంచి నేరుగా వచ్చే పెద్ద రా ఫొటో ఫైళ్లు నాలుగు తెరిస్తే చాలు, మెషీన్ మూలుగుతోంది. 16 జీబీ 3200 సీఎల్16 ఒకటి చూసి పెట్టుకున్నా. కంపెనీ వేరు, స్పీడ్ వేరు, సైజు వేరు. కలిపితే పనిచేస్తాయా, లేక పాతది పీకేయాలా?

బిట్టూ బైటూ:
కలపకండి. ఒకే ప్యాక్‌లో వచ్చే జత కొనుక్కోండి, తలనొప్పి ఉండదు.

స్క్రూడ్రైవర్ మామ:
జత మంచిదే, కాదనను. కానీ ఆయన అడిగింది అది కాదుగా.

పాతది పీకొద్దండి. మీ బోర్డులో ఐ5కి మెమరీ 2666 దాటదు, స్టిక్కర్ మీద 3200 అని ఎంత పెద్దక్షరాలతో ఉన్నా సరే. రెండూ కలిపితే 2400కి దిగుతాయి. అంటే పోయేది 2666కీ 2400కీ మధ్య తేడా, అంతే. దానికి బదులుగా డ్యూయల్ ఛానల్ వస్తుంది, అంటే ప్రాసెసర్ రెండు స్టిక్‌లతోనూ ఒకేసారి మాట్లాడుతుంది. 16 జీబీ స్టిక్ ఒక్కటే 2666లో నడిస్తే గరిష్ఠంగా సెకనుకు 21.3 జీబీ డేటా కదులుతుంది. రెండూ కలిసి 2400లో అయితే 38.4. మొత్తం 24 జీబీకీ కాదులెండి. 8కి 8 జతపడి 16 వరకు డ్యూయల్, మిగతా 8 సింగిల్. ఇంటెల్ వాళ్లు దీన్ని ఫ్లెక్స్ మోడ్ అంటారు.

సీఎల్16 చూసి మోజుపడకండి. సీఎల్ అంటే ర్యామ్ జవాబివ్వడానికి చేసే ఆలస్యం, ఒకే స్పీడ్‌లో అది ఎంత తక్కువైతే అంత మేలు. అది ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని మామూలు కంటే వేగంగా నడిపే బోర్డు సెట్టింగ్) ఆన్ చేసి, సాధారణంగా 1.35 వోల్టులు ఇస్తేనే వచ్చే నంబరు. ఎక్స్‌ఎంపీ లేకపోతే అలాంటి స్టిక్‌లు కొన్ని 2133కి పడిపోతాయి, పాతదాన్నీ వెంట లాక్కుపోతాయి. 1.2 వోల్టుల మామూలు 3200 సీఎల్22 తీసుకోండి. మెరుపులూ లైట్లూ ఉండవు గానీ చెప్పిన మాట వింటుంది.

కంప్యూటర్ ఆన్ అయింది కదా అని సంబరపడొద్దు. పొసగని ర్యామ్ దొంగలా ఉంటుంది. బ్రౌజర్ ట్యాబ్ ఊరికే చస్తుంది, జిప్ ఫైల్ విప్పబోతే సీఆర్‌సీ ఎర్రర్ (డేటా చెడింది) అంటుంది, మనమేమో డిస్క్‌ని తిడుతుంటాం. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ని రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ కనిపించినా స్టిక్ వాపసు ఇచ్చేయండి.

ఫొటోల పిచ్చోడు:
థాంక్స్ మామా. పాతదాని మీద 1ఆర్ఎక్స్8 అని ఉంది, మీరు చెప్పిన రకం 16 జీబీది 2ఆర్ఎక్స్8 అంటున్నారు. పర్లేదా?

స్క్రూడ్రైవర్ మామ:
పర్లేదు. 1ఆర్ అంటే ఒక ర్యాంక్, అంటే కలిసి పనిచేసే చిప్‌ల గుంపు ఒకటి; ఎక్స్8 అంటే ఒక్కో చిప్ 8 బిట్లు. ఒకటీ రెండూ ర్యాంకులు పక్కపక్కనే నడుస్తాయి. రిజిస్టర్డ్ అని రాసి ఉన్న సర్వర్ ర్యామ్ మాత్రం చవగ్గా వచ్చినా ముట్టుకోకండి. స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, మెషీన్ మాత్రం లేవదు.

నాలుగు స్లాట్లుంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి, మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ కాసేపు నల్లగానే ఉండొచ్చు. బోర్డు టైమింగులు సరిచూసుకుంటోందని అర్థం, కంగారుపడి స్విచ్ కట్టేయకండి.